పిన్ను విరిగిన రోజు

ఆ మంగళవారం ఉమామహేష్‌కి సెలవు. ఉక్కునగరంలో షిఫ్టులవాళ్ళకి సెలవు ఏ రోజు వస్తే ఆ రోజే ఆదివారం. అతను నిద్ర లేస్తూనే ఒక నిర్ణయంతో లేచాడు. ముందుగదిలో ఉన్న కంప్యూటర్ని తన చేతులతో తనే బాగుచేయాలి. మధ్యాహ్నం భోజనానికి కూర్చునేలోగా పని పూర్తికావాలి.

ఆ కంప్యూటర్ మీద అతని భార్య మధులత సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెబుతుంది. నెలరోజులుగా అది పాఠం మధ్యలో ఆగిపోతోంది. ముందు లోపలి ఫ్యాను హోరెత్తుతుంది, తరవాత తెర నల్లబడుతుంది. మొన్న భిన్నాల లెక్క సగంలో ఉండగా ఆగిపోతే, ఒక పిల్లాడి తండ్రి ఫోన్ చేసి మిగతా సగం ఎప్పుడు చెబుతారని అడిగాడు. మధులత భర్తను ఏమీ అనలేదు. అనకపోవడమే అతనికి గుచ్చుకుంది. రోలింగ్ మిల్లులో ఎర్రగా కాలిన ఇనుపకడ్డీల మధ్య ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న మనిషి, ఇంట్లో బిస్కెట్టంత వస్తువు వేడిని అదుపు చేయలేకపోవడం చిన్న విషయం కాదు.

రోగం ఏమిటో ఫోన్‌లో వీడియో చూసి తెలుసుకున్నాడు. కంప్యూటర్ లోపల ప్రాసెసర్ అని ఒక పలక ఉంటుంది. దాని నెత్తిన వేడిని లాగేసే అల్యూమినియం దిమ్మ. ఆ రెండింటి మధ్య బూడిదరంగు పేస్టు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పేస్టు ఎండి పెచ్చుకట్టిపోతుంది. దాన్ని స్పిరిట్‌లో తడిపిన దూదితో తుడిచేసి, కొత్త పేస్టు బఠాణీ గింజంత పెట్టి మూసేస్తే సరి. వీడియోలో మనిషి ఈ పనంతా నవ్వుతూ చేశాడు.

ఉమామహేష్ పేస్టు గొట్టం జేబులో వేసుకుని, స్పిరిట్, దూది కొనుక్కుని మందులషాపు మెట్లు దిగుతుంటే పక్క క్వార్టర్స్ అనూరాధ ఎదురైంది. ఆమెది గోదావరి జిల్లా. ఎవరికి ఏ కష్టం వచ్చినా ముందు ఆమెకే తెలుస్తుంది. తెలియకపోతే అడిగి తెలుసుకుంటుంది.

"దూదీ స్పిరిట్టూ ఎందుకండీ? ఇంట్లో ఎవరికన్నా బాగోలేదా?"

"ఏటుందండి, బాగా వేడెక్కిపోతన్నాది. పనిసేత్తా సేత్తా ఆగిపోతన్నాది. పాతదైపోనాది కదా."

అనూరాధ ఉలిక్కిపడింది. ఆ ఇంట్లో పాతబడిన మనిషి పోతమ్మ ఒక్కతే. పెంచిన తల్లిని పట్టుకుని ఇలా అంటాడేమిటి అనుకుంది. సముద్రం ఒడ్డువాళ్ళ మాట మోటుగా ఉంటుందిలే అని సర్దుకుంది కూడా. "మరి డాక్టరుకి చూపించకపోయారా?"

"డాక్టరెందుకండి? వీడియో సూసేను. నానే సేసీగల్ను."

అనూరాధ గుండెల మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయింది. కాసేపటికి మధులత పోతమ్మ చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించడం చూశాక గాని ఆమె మనసు కుదుటపడలేదు. ఆ ఇంట్లో ఒక్కరికైనా బుద్ధుంది అనుకుంది. ఎక్కడికని అడిగితే, "సీతమ్మధార, కళ్ళాసుపత్రికి. మధ్యాహ్నానికి తెచ్చేస్తాను," అంది మధులత. పోతమ్మ కళ్ళకి పొర వచ్చి ఏడాదైంది. ఆమెకున్న జబ్బు అదొక్కటే.

పోతమ్మ ఉమామహేష్‌కి పిన్ని. తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది. ఫిషింగ్ హార్బర్లో ఎండుచేపలు అమ్మి చదివించింది. తనకంటూ పిల్లల్లేరు. వాడికి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చాక వాడితోపాటే ఉక్కునగరం వచ్చేసింది. జాలరిపేటలో ఆమెకి గురువులు అని సొంత అన్న ఉన్నాడు. ఉన్నా లేనట్టే. ఒక పెళ్ళి భోజనాల దగ్గర, బంధువులందరి ముందు, "మా అన్న బోటు దండిగా పోద్ది, సేపలకని ఐసు తీసుకెల్తాది, మళ్ళీ ఐసే తెత్తాది," అంది పోతమ్మ. బంతి అంతా నవ్వింది. గురువులు విస్తరి ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి అన్నాచెల్లెళ్ళకి మాటల్లేవు. ఒకరి ఇంటి శుభానికి ఒకరు వెళ్ళలేదు. ఆరేళ్ళు దాటిపోయాయి.

ఇల్లు ఖాళీ అయ్యాక ఉమామహేష్ కంప్యూటర్ పెట్టె విప్పి, టేబుల్ మీద పాత దుప్పటి పరిచి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాడు. నాలుగు స్క్రూలు తీశాడు. దిమ్మ కదల్లేదు. కొంచెం లాగాడు. ఇంకొంచెం లాగాడు. వీడియోలో మనిషి దిమ్మని ముందు అటూ ఇటూ తిప్పమని చెప్పిన సంగతి దిమ్మ చేతిలోకి ఊడివచ్చాక జ్ఞాపకం వచ్చింది. దిమ్మ ఒక్కటే రాలేదు. ఎండిన పేస్టుతో అంటుకుపోయి ప్రాసెసర్ కూడా వేళ్ళతో సహా పీకిన మొక్కలా దానితో వచ్చేసింది.

అయినా అతను ధైర్యం చెడలేదు. బ్లేడు దూర్చి నెమ్మదిగా విడదీశాడు. దూది తడిపి తుడవడం మొదలుపెట్టాడు. పేస్టు సున్నపు పెచ్చులా రాలింది. దూది మీద దూది నల్లబడింది. చివరికి ప్రాసెసర్ అద్దంలా మెరిసి, అందులో అతని ముఖమే అతనికి కనబడింది. ఆ ముఖం చాలా తృప్తిగా ఉంది. అప్పుడు దాన్ని తిరగేసి చూశాడు.

అడుగున వెంట్రుకల్లాంటి బంగారురంగు పిన్నులు వందలకొద్దీ ఉన్నాయి. తుడిచేటప్పుడు గట్టిగా అదిమినవైపు ఒక వరస మొత్తం పక్కకి వాలిపోయింది. సూది తెచ్చి, భూతద్దం పెట్టి, ఊపిరి బిగబట్టి ఒక్కొక్కదాన్నీ లేపసాగాడు. మూలనున్న పిన్ను లేచినట్టే లేచి పుటుక్కున విరిగింది.

ఉమామహేష్ కుర్చీలో కూలబడ్డాడు. సాయంత్రం మధులత పాఠం కళ్ళముందు కదిలింది. అప్పుడు అతనికి బావ గుర్తొచ్చాడు. గురువులు కొడుకు కన్నబాబు హార్బర్లో బోట్ల వైర్‌లెస్ సెట్లు బాగుచేస్తాడు. పెద్దలకి మాటల్లేకపోయినా బావలిద్దరూ చాటుగా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

కన్నబాబు ఫోన్ ఎత్తేసరికి అతని పక్కన ఒక బోటు ఇంజను చెవులు పగిలేలా మోగుతోంది.

"బావా, కొంప మునిగినాది! పిన్ను ఇరిగిపోనాది!"

ఆ హోరులో కన్నబాబు చెవికి చేరింది వేరు. పిన్ని ఒరిగిపోనాది అని వినబడింది.

"ఏటీ! ఎప్పుడు బావా?"

"ఇప్పుడే. నా సేతుల్లోనే."

"అయ్యో... అసలేటైనాది?"

"నెల్రోజుల్నుంచి వేడెక్కిపోతన్నాది. నానే అశ్రద్ధ సేసినాను బావా. ఇయ్యాల తుడుద్దారని పైకి లేపితే..." ఉమామహేష్ విరిగిన ముక్కవైపు చూశాడు. "మీ సెల్లికి ఇంకా సెప్పలేదు. ఏ మొకం పెట్టుకుని సెప్పీది? సాయంత్రంలోగా కానిచ్చెయ్యాల. నువ్వొత్తే బాగుణ్ణు."

"వత్తన్నాను బావా. అందరం వత్తన్నాం. నువ్వు దైర్యంగా ఉండు." కన్నబాబు ఏడుస్తున్నాడు.

ఒక్క పిన్నుకి అందరూ రావడమెందుకో ఉమామహేష్‌కి బోధపడలేదు. బావ మంచి మనసు అనుకున్నాడు. మళ్ళీ భూతద్దం తీసుకున్నాడు.

జాలరిపేటలో గురువులు ఇంటిముందు కూర్చుని వల అల్లుకుంటున్నాడు. కన్నబాబు వచ్చి, "అయ్యా, అత్త పోనాది," అన్నాడు. గురువులు చేతిలో అల్లికపుల్ల ఆగింది. అల్లిన వలనే విప్పడం మొదలుపెట్టాడు. కొడుకు భయపడి భుజం మీద చెయ్యి వేశాడు. "వ్యాను తియ్యి," అన్నాడు గురువులు. తరవాత లేచి లోపలికి వెళ్ళి, భార్య పండక్కి కొనుక్కుని ఇంకా కట్టని ఆకుపచ్చ చీర పెట్టెలోంచి తీశాడు. ఆడకూతురు పోతే పుట్టింటి చీర పుట్టింటివాళ్ళే కప్పాలి. భార్య అడ్డు చెప్పలేదు. ఆమె అప్పటికే ఏడుస్తోంది.

చేపల పెట్టెలు మోసే వ్యాన్‌లో పట్టినంతమంది ఎక్కారు. దారిలో పూలదండలు తీసుకున్నారు. గాజువాక చేరేసరికి సముద్రపుగాలి వెనకే ఉండిపోయింది. డ్రైవరు పక్కన గురువులు చీర పొట్లాం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

వ్యాన్ క్వార్టర్స్ ముందు ఆగేసరికి అనూరాధ గేటు దగ్గరే ఉంది. దండలు చూడగానే ఆమెకి అంతా అర్థమైపోయింది.

"అత్తని ఎక్కడుంచేరండి?" అన్నాడు కన్నబాబు.

"ఇంట్లో లేరు బాబూ. కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళారు, సీతమ్మధార. మధ్యాహ్నానికి తెచ్చేస్తామన్నారు." అనూరాధ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మీరెవ్వరూ పొయ్యి వెలిగించకండి. భోజనాలు నేను పంపిస్తాను." ఆమె గబగబా లోపలికి వెళ్ళి పెద్ద గిన్నె దింపింది.

కళ్ళాసుపత్రి అన్న మాట వ్యాన్‌లో గురువులు దాకా వెళ్ళింది. అతను తల ఎత్తాడు.

"కళ్ళు దానం ఇచ్చీసిందేటి?" అన్నాడు మెల్లగా. "పోతాపోతా ఎవులికో సూపిచ్చి పోనాది నా సెల్లి. నాను ఆరేళ్ళు దాని మొకం సూడ్లేదు."

ఆ మాటతో ఆడవాళ్ళు ఒక్కసారిగా శోకాలు తీశారు. ఏడుపు విని ఉమామహేష్ బయటికి వచ్చాడు. ఒక చేతిలో భూతద్దం, ఇంకో చేతిలో దూది. గుమ్మం నిండా జాలరిపేట చుట్టాలు. దండలు. అందరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. కన్నబాబు వచ్చి కౌగిలించుకుని భోరుమన్నాడు. ఉమామహేష్ ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ వెళ్ళాడు. కన్నబాబు తల్లి ఉంది. కన్నబాబు తమ్ముళ్ళున్నారు. మావ గురువులు ఒక్కడే లేడు. పుటుక్కున అతని గుండెలో ఏదో తెగింది.

"మావా!" అని కేకపెట్టి కన్నబాబుని పట్టుకున్నాడు. "నాకొక మాటైనా సెప్పలేదేట్రా! మొన్న కూడా సంత దగ్గర దూరాన్నుంచి సూసేను రా! పలకరించకుండా వచ్చీసేను!"

"పాపం, మతి సెడిపోనాది," అన్నారు ఆడవాళ్ళు. "పిన్ని పోతే మావ మావ అంటన్నాడు."

అప్పుడు వ్యాన్ ముందు తలుపు తెరుచుకుని గురువులు దిగాడు. ఉమామహేష్ ఏడుపు గొంతులోనే ఆగిపోయింది. చనిపోయిన మనిషి చీర పొట్లాంతో నడిచి వచ్చి అతని ముందు నిలబడ్డాడు.

"ఒరే మేనల్లుడా," అన్నాడు గురువులు. "పదిమందిలో అన్నదని కాదురా నాకు కోపం. అది అన్నది నిజం. ఆ యేడు నా బోటు నిజంగా ఐసే తెచ్చినాది. అది దానికెలా తెలిసిందా అని కోపం. అంతకి మించి ఏటీ లేదు. ఆ ముక్క దానికి సెప్పకుండానే..."

ఇంతలో ఆటో వచ్చి ఆగింది.

ఆసుపత్రిలో పోతమ్మ కళ్ళలో చుక్కలు వేసి, నల్లకళ్ళద్దాలు పెట్టి పంపారు. సాయంత్రం దాకా మసకమసకగానే కనిపిస్తుందని చెప్పారు. మధులత ఆటోవాడికి డబ్బులిస్తుంటే పోతమ్మ తనంతట తనే దిగింది. ఇంటిముందు మసగ్గా జనం. పచ్చగా, తెల్లగా దండల్లాంటివేవో. ఏడుపులు. ఇంట్లో ఉన్నది ఉమామహేష్ ఒక్కడే.

"నా బాబో! నా మయేషో!" పోతమ్మ గుండెలు బాదుకుంటూ ముందుకు పరిగెత్తింది. కాళ్ళు తడబడ్డాయి. ఎదురుగా ఉన్న మనిషిని గట్టిగా పట్టుకుని అతని భుజం మీద పడి గొల్లుమంది. ఆ చొక్కాకి ఉప్పునీళ్ళ వాసన, చుట్ట వాసన. ఆమె ఏడుపు కొంచెం తగ్గింది.

"అన్నా?"

"ఊఁ."

"నువ్వొచ్చేవా? ఎవుల్రా అన్నా పోనారు?"

గురువులు చెల్లెలి చెయ్యి పట్టుకుని ఆమెని నిలబెట్టాడు. తరవాత, "నువ్వేనే," అన్నాడు.

శోకం తీస్తున్న ఒక ముసలావిడ సగంలో ఆపి నోరు మూసుకుంది. అందరూ కన్నబాబువైపు చూశారు. కన్నబాబు ఉమామహేష్‌వైపు చూశాడు. ఉమామహేష్ ఇంట్లోకి వెళ్ళి ఏదో తెచ్చి అరచెయ్యి చాచాడు. అందులో చీమ కాలంత బంగారు ముక్క ఉంది.

"పిన్ను, బావా," అన్నాడు. "పిన్ను ఇరిగిపోనాది అన్నాను."

కన్నబాబు ఆ ముక్కని రెండు వేళ్ళతో తీసి వెలుగుకెత్తి చూశాడు. అతన్ని ఎవరూ తిట్టలేదు. తిట్టడానికి గురువులు నోరు తెరిచాడు గాని, చెల్లెలి చెయ్యి ఇంకా తన చేతిలోనే ఉందని గమనించి మానేశాడు.

అనూరాధ పంపిన అన్నం, పప్పుచారు, వంకాయకూర గంట తిరక్కుండానే వచ్చేశాయి. చావింటి భోజనమని వండినదాన్ని తినొచ్చా కూడదా అని కొంత చర్చ జరిగింది. "సచ్చినదాన్ని నానే కదా, నానే ముందు తింతాను," అని పోతమ్మ కంచం ముందు కూర్చుంది. దాంతో చర్చ ముగిసింది. వడ్డించడానికి వచ్చిన అనూరాధ పోతమ్మని చూసి గరిటె జారవిడిచింది. తేరుకున్నాక, కూరలో ఉప్పు సరిపోయిందా అని ఆమెనే మొదట అడిగింది.

భోజనాల దగ్గర ఆడవాళ్ళు గురువులు అన్న మాటలన్నీ పోతమ్మకి పూస గుచ్చినట్టు చెప్పారు. ఆమె నల్లకళ్ళద్దాల్లోంచి అన్నవైపు తిరిగింది.

"నిజంగానే ఏడిసేవేటి?"

"కంట్లో ఉప్పుగాలి కొట్టింది," అన్నాడు గురువులు, అన్నం కలుపుకుంటూ.

"గాజువాకలోనా?"

గురువులు అన్నం కలపడం ఆపాడు. చీర పొట్లాం ఆమె పక్కకి జరిపాడు. అది ఎందుకు తెచ్చిన చీరో అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ కళ్ళెత్తలేదు. పోతమ్మ చేత్తో తడిమి చూసింది. "అంచు పెద్దదే," అని లోపలికి తీసుకెళ్ళింది.

ఇక కంప్యూటర్ మిగిలింది. మధులత దాని పరిస్థితి చూసి భర్తను ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని తట్టుకోలేక ఉమామహేష్ కన్నబాబు కాళ్ళావేళ్ళా పడ్డాడు. కన్నబాబు తన తప్పుకి పరిహారంగా వెంటనే కూర్చున్నాడు. వాలిన పిన్నులన్నీ సన్నటి చిమటాతో నిలబెట్టాడు. ప్రాసెసర్‌ని దాని చోట పెట్టి, గడియ బిగించి, బఠాణీ గింజంత పేస్టు వేసి, దిమ్మ మూశాడు. మీట నొక్కాడు. తెర వెలిగింది. పది నిమిషాలు చూశారు. ఫ్యాను హోరెత్తలేదు. మధులత మొదటిసారి నవ్వింది.

"ఇరిగిన పిన్ను సంగతేటి బావా?" అన్నాడు ఉమామహేష్ నమ్మలేక.

"ఇన్నొందలున్నాయి కదేటి. దేనికీ కలపకుండా ఊరికే ఉన్నవి కూడా ఉంతాయి. ఒక పిన్ను లేకపోనా నడిసిపోద్ది."

"ఏటీ?" వంటింటి గుమ్మంలోంచి పోతమ్మ గొంతు వినిపించింది. "పిన్ని లేకపోనా నడిసిపోద్దా?"

ఇద్దరు బావలూ ఒక్కసారే లేచారు.

"పిన్ని కాదు పిన్నీ, పిన్ను!" అన్నాడు ఉమామహేష్. ఆ వాక్యం అతనికే తికమకగా అనిపించింది.

"ఊరికే ఉన్నవి కూడా ఉంతాయా! నాను ఊరికే ఉన్నానేటి ఈ ఇంట్లో? సరే. నడుపుకోండి. నాను మా అన్న ఇంటికి పోతాను."

"అత్తా, వాళ్ళు కంప్యూటర్ గురించి అన్నారు. ఇందాక వాకిట్లో చూపించారు కదా, అదే," అంది మధులత.

"నాకు కళ్ళు సరిగా అవుపడవమ్మా. నానేటీ సూడ్లేదు," అంది పోతమ్మ. అప్పటికే ఆమె సంచి సర్ది ఉంది. ఎప్పుడు సర్దిందో ఎవరికీ తెలియదు. ఒంటిమీద ఆకుపచ్చ చీర కూడా కట్టి ఉంది.

మధులత ఆ సంచివైపు చూసి, లోపలికి వెళ్ళి, కంటి చుక్కల మందు తెచ్చి అందులో పెట్టింది. ఉమామహేష్ మాత్రం వ్యాన్ దాకా బతిమాలుతూ వెళ్ళాడు. తనని పెంచిన చెయ్యి పట్టుకుని, రెండు రోజుల్లో వచ్చి తీసుకెళ్తానన్నాడు. "నాలుగు," అంది పోతమ్మ, కోపంగానే. తరవాత అతని తలమీద చెయ్యి వేసి, ఒకసారి జుట్టు నిమిరి, డ్రైవరు పక్కన కూర్చుంది. గురువులు ఆమె పక్కన ఇరుక్కున్నాడు. పూలదండలు పారేయడానికి మనసొప్పక ఎవరో వాటిని వ్యాన్ ముందు కట్టేశారు.

దారి పొడుగునా అన్నాచెల్లెళ్ళు వాదించుకుంటూనే ఉన్నారు. అప్పుడు బోటులో వచ్చింది ఉత్త ఐసేనా, లేక అడుగున కాసిని కవళ్ళ చేపలు కూడా ఉన్నాయా అన్నది ఆ వాదం. గురువులు కవళ్ళున్నాయన్నాడు. పోతమ్మ ఆ కవళ్ళు ఐసు కొన్నప్పటివే అయి ఉంటాయంది. వెనక కూర్చున్న చుట్టాలు ఈసారి ధైర్యంగా నవ్వారు. గురువులు లేచి వెళ్ళలేదు. వ్యాన్ నడుస్తోంది కాబట్టి అని తరవాత చెప్పుకున్నాడు.

జాలరిపేటలోకి మలుపు తిరిగేసరికి వీధి రెండువైపులా జనం చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. దండలు కట్టిన వ్యాన్ చూసి తలలు వంచారు. వంచిన తలలు ఎత్తి చూస్తే పోతమ్మ కొత్త చీరలో, నల్లకళ్ళద్దాలతో ముందు సీట్లో కూర్చుని ఉంది. ఒక ముసలాయన దండం పెట్టి వెనక్కి నాలుగడుగులు వేశాడు. ఊరివాళ్ళు పిలిపించిన డప్పులవాళ్ళు మాత్రం కదల్లేదు. పిలిచాక వాయించకుండా వెళ్ళడం తమ ఇంటా వంటా లేదన్నారు. వ్యాన్ ముందు నిలబడి మొదలుపెట్టేశారు.

పోతమ్మ తల బయటపెట్టి కాసేపు శ్రద్ధగా విని, తనకి ఈ మాత్రం వాయింపు చాలదంది.